టేపు పిన్ని బండికి తోక

మా కింది వాటాలో ఉండే పిన్నికి అసలు పేరు ఒకటుంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా పనికిరాదు. వీధిలో పిల్లల దగ్గర్నుంచి సామాన్ల కొట్ల దాకా అందరికీ ఆవిడ టేపు పిన్నే. వాళ్ళాయన దర్జీ. దర్జీ మెడలో టేపు వేలాడుతుంటే ఎవరూ పట్టించుకోరు. బండి తోలే ఆడమనిషి మెడలో వేలాడుతుంటే మాత్రం తల తిప్పి చూస్తారు. చూస్తే చూడనీ అనేది ఆవిడ పద్ధతి.

బండి ఆవిడ చేతికి వచ్చింది ముప్ఫై తొమ్మిదో ఏట. అప్పటిదాకా బాబాయి కుట్టిన స్కూలు యూనిఫారాలు మూటలు కట్టి స్కూటరు మీద చేరవేసేది. ఒకసారి ఆసుపత్రి కర్టెన్ల పని వచ్చింది. మూటలు స్కూటరు మీద పెడితే స్కూటరు కనబడటం మానేసింది. దాంతో పరుపుల కొట్టువాళ్ళు అమ్ముతున్న పాత చిన్న ట్రక్కు కొన్నారు. ధర ఎంతో అడక్కముందే పిన్ని తొట్టిలోకి ఎక్కి టేపు పరిచింది. పొడుగు ఆరున్నర అడుగులు. "కర్టెన్లు పడతాయి, మనమూ పడతాం," అంది. డ్రైవింగు నేర్పినవాడు నెల తిరిగేసరికి చేతులెత్తి దణ్ణం పెట్టాడట: "అమ్మా, మీరు బ్రేకు మీద కాలు పెట్టడం కాదు, అక్కడ ఇల్లు కట్టుకుని కాపరం చేస్తున్నారు."

చిత్రం ఏమిటంటే, పిన్ని బడిలో లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. ఎవరైనా దాని గురించి వేళాకోళం ఆడితే, "లెక్క వేరు, కొలత వేరు. లెక్క పుస్తకంలో ఉంటుంది. కొలత కళ్ళెదురుగా ఉంటుంది," అంటుంది. నాకు ఇప్పటికీ ఆ తేడా సరిగ్గా తెలీదు కానీ, మా ఇంట్లో బీరువా మెట్ల మలుపు తిరగదని, కొనక ముందే మెట్ల కింద నిలబడి చెప్పింది ఆవిడే. మేం వినలేదు. బీరువా ఇప్పటికీ కిందే, వాళ్ళ వాటాలోనే ఉంది.

బట్టల మూటలతో మొదలైన బండికి మెల్లగా బయటి సామాన్ల పనులు వచ్చాయి. కుర్చీలు, ఫ్రిజ్‌లు, పూలకుండీలు. వీటితో ఏ బాధా లేదు. బాధంతా పొడుగు సామాన్లతోనే. ప్లంబర్లకి పన్నెండడుగుల పైపులు, పెయింటర్లకి నిచ్చెనలు, వడ్రంగులకి పలకలు. బండేమో ఆరున్నర అడుగులు. అందరూ ఏం చేస్తారో పిన్నీ అదే చేసేది. వెనక తలుపు దించి, సామాను బయటికి వేలాడదీసి, తాడు బిగించి, చివర ఎర్రగుడ్డ కట్టి, దేవుడి మీద భారం వేసి బయల్దేరేది.

ఒక రోజు భారం దేవుడు పట్టలేదు. పాతిక ప్లాస్టిక్ పైపులు వేసుకుని వస్తోంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ముందు లేచి, వెనక దిగింది. కట్టలోంచి ఒక్క పైపు, తాడుకి చెప్పకుండా, జారిపోయింది. జారినది జారినట్టు ఊరుకోకుండా రోడ్డు మీద దొర్లి, టీ కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్న ఒక పెద్దాయన కాళ్ళ కిందకి వెళ్ళింది. ఆయన పేపరు చదువుతూనే రెండు కాళ్ళూ ఎత్తి, పైపు వెళ్ళాక దించేశాడు. గ్లాసులో టీ చుక్క ఒలకలేదు. చూసినవాళ్ళందరూ పడి పడి నవ్వారు.

పిన్ని నవ్వలేదు. బండి పక్కకి తీసి, ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "బాబుగారూ, దెబ్బేమైనా తగిలిందా?" అని మూడుసార్లు అడిగింది. ఆయనకి అసలు ఏం జరిగిందో తెలీదు. ఇంటికి వచ్చి బాబాయితో, "ఆయన కాళ్ళ బదులు అక్కడ పాకే పసిబిడ్డ ఉంటే?" అంది. ఆ మాట అన్నాక అన్నం సహించలేదు. మర్నాటి నుంచి పొడుగు సామాను ముట్టనని కూర్చుంది. ప్లంబర్ల మేస్త్రి రెండుసార్లు వచ్చి బతిమాలాడు. "నీ బండి కాకపోతే ఇంకొకడి బండి. వాడు నీలా ఎర్రగుడ్డ కూడా కట్టడు పిన్నీ," అన్నాడు. ఆ మాట పిన్నికి ముల్లులా గుచ్చుకుంది. తను మానేస్తే పైపులు రోడ్డెక్కడం మానవు కదా. ఇంకా నిర్లక్ష్యంగా ఎక్కుతాయి.

అప్పుడు రంగంలోకి దిగాడు పిన్ని తమ్ముడు. వెల్డింగు షాపు వాడిది. పనివాడే. కాకపోతే నోరు పనికంటే నాలుగడుగులు ముందుంటుంది.

"అక్కా, బండి పొట్టిదైతే సామానుని తిడతావేంటి? బండిని పొడుగు చెయ్యాలి గానీ," అన్నాడు.

"బండేమన్నా రబ్బరా, లాగడానికి?"

"తోక పెడదాం."

తొట్టి అడుగున, బండి వెనక మధ్యలో, ట్రాలీ తగిలించుకోవడానికి నలుచదరపు గొట్టం ఒకటి ఉంది. పరుపుల కొట్టువాళ్ళు పెట్టించుకున్నది. అందులోకి దూరేలా ఇంకో ఇనుప గొట్టం, దాని చివర నిలువుగా ఒక కడ్డీ, ఆ కడ్డీ మీద అడ్డంగా ఒక పట్టీ, పట్టీకి అటూ ఇటూ సామాను పక్కకి జారకుండా రెండు కొమ్ములు. లోపలికి దూర్చి, పిన్ను వేసి, పిన్నుకి క్లిప్పు పెడితే కదలదు. అవసరం తీరాక ఊడదీసి సీటు వెనక పడేసుకోవచ్చు. వాడు బొగ్గుముక్కతో గోడ మీద గీసి చూపిస్తుంటే పిన్ని మొహం మెల్లగా విచ్చుకుంది.

రెండు రోజుల్లో తోక తెచ్చి బిగించాడు. నల్లరంగు కూడా వేశాడు. పిన్ని కింద కూర్చుని టేపు పట్టింది.

"ఒరేయ్, దించిన తలుపు కంటే నీ పట్టీ రెండు వేళ్ళు కిందకుంది."

"రెండు వేళ్ళేగా అక్కా!"

"రెండు వేళ్ళేరా. అప్పుడు బరువంతా తలుపు అంచు మీద పడుతుంది. నీ తోక వెనకాల నించుని తమాషా చూస్తుంది. ఊడదియ్."

వాడు సణుక్కుంటూ ఊడదీశాడు. మళ్ళీ అతికి తెచ్చాడు. ఈసారి తొట్టి, తలుపు, తోక పట్టీ మూడూ ఒకే మట్టంలో ఉన్నాయి. ఆరున్నర అడుగుల బండి పదడుగులయింది. బాబాయి మిగిలిన గళ్ళబట్టతో, లోపల దూది కూరి, పట్టీకి దిండు కుట్టాడు, పైపులు గీసుకుపోకుండా. ఎర్రజెండాలు కూడా అంచులు మడిచి, డబుల్ కుట్టు వేసి ఇచ్చాడు. "ఊళ్ళో ఎర్రగుడ్డకి అంచు కుట్టించుకున్న బండి మాదొక్కటే," అని పిన్ని చెప్పుకునేది.

తోక వచ్చింది కదా అని ఆవిడ ఎగిరిపోలేదు. తోకతో పాటు పేచీలూ వచ్చాయి. తోక మోస్తుంది కదా అని బరువంతా వెనక్కి పెడితే బండి ముందు భాగం తేలిపోతుంది, స్టీరింగు చేతికి దొరకదు. అందుకని బరువు ఎప్పుడూ తొట్టిలో ముందుకే. మలుపులో బండి కుడికి తిరిగితే తోక ఎడమకి ఊడుస్తుంది. ఇది ఆవిడ ఖాళీ మైదానంలో నాలుగు డబ్బాలు పెట్టి, మూడు డబ్బాలు పడగొట్టి నేర్చుకుంది. పైపుల్ని కట్టగా బిగించడానికి రెండు బెల్టులు, ఆ కట్టని బండికి బిగించడానికి రెండు బెల్టులు. బయల్దేరిన అయిదు నిమిషాలకి ఎక్కడున్నా సరే ఆపి, దిగి, ప్రతి బెల్టూ లాగి చూస్తుంది. సామాన్లు సర్దుకున్నాక బెల్టులు వదులవుతాయట. మేస్త్రి మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత తనే దిగి లాగి చూడ్డం మొదలెట్టాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక పొద్దున్న ఈత మాస్టారు వచ్చాడు.

ఊరి ఈతకొలనులో డైవింగ్ బోర్డు పగిలి ఆరు నెలలయింది. పిల్లలు గట్టు మీంచి దూకి దూకి విసుగెత్తిపోయారు. కొత్త బోర్డు వచ్చి ఊరి చివర సరుకుల గోడౌన్లో పడి ఉంది. కొలను ఉన్న రోడ్డులోకి పెద్ద లారీలు రాకుండా పైన అడ్డంగా ఇనుప దూలం కట్టారు. చిన్న బండ్లవాళ్ళు చూసి పోయారు. ఒకడైతే, "రెండు ముక్కలు చేసివ్వండి, ఇప్పుడే తెస్తా," అన్నాడట. మాస్టారు భారీ మనిషి. నీళ్ళలో ఉన్నవాళ్ళకి వినపడాలని అరిచి అరిచి గొంతు మైకులా తయారయింది. మామూలుగా మాట్లాడినా మా పై వాటాలో గ్లాసులు మోగుతాయి.

"ఎంత పొడుగు మాస్టారూ?" అంది పిన్ని.

"పదహారడుగులమ్మా."

"తోకతో కలిపి నా బండి పదడుగులు. ఆరడుగులు గాల్లో ఉంటుంది. కుదరదు."

"పెద్ద బరువేం కాదమ్మా, నలుగురు ఎత్తేస్తారు."

"బరువు సంగతి సరే. ఊగుతుందా?"

మాస్టారు తెల్లబోయాడు. "ఊగకపోతే అది డైవింగ్ బోర్డెలా అవుతుందమ్మా?"

"అదే చెబుతున్నా. ఊగడానికే పుట్టినదాన్ని వెనక ఆరడుగులు గాలికొదిలేస్తే, వెనకాల స్కూటరు మీద వచ్చేవాడి మొహం మీద గెంతుతుంది."

మాస్టారు మొహం చిన్నబుచ్చుకుని లేచాడు. గుమ్మం దాటుతుంటే పిన్ని పిలిచింది. "మూడు రోజులు ఆగండి. మా తమ్ముణ్ణి అడిగి చూస్తా."

ఆవిడ బుర్రలో తిరిగింది ఏమిటంటే, కింద చోటు లేకపోతే పైన ఉంది కదా. తోకకి ఉన్న నిలువు కడ్డీని డ్రైవరు గది పైకప్పు అంత ఎత్తుకి పెంచి, పైకప్పు మీద ముందువైపు ఇంకో అడ్డపట్టీ వేస్తే, బోర్డు ఈ చివర దాని మీదా, ఆ చివర తోక మీదా పడుకుంటుంది. ముందు పట్టీ నుంచి వెనక పట్టీకి పధ్నాలుగు అడుగులు. బయటికి వచ్చేది ముందు అడుగు, వెనక అడుగు. మధ్యలో ఊగకుండా తొట్టిలోంచి ఇంకో ఊతకర్ర. తమ్ముడు మూడు రోజుల్లో చేసి తెచ్చాడు. కొమ్ములు మాత్రం జానెడు చాలంటే, జానా నాలుగు వేళ్ళు పెట్టాడు.

"ఎందుకురా అంత?"

"చూడ్డానికి బాగుంటుందక్కా, ఎద్దు కొమ్ముల్లాగా."

పిన్ని గుర్రుగా చూసి, టేపు తీసి కొమ్ముల ఎత్తు కొలుచుకుంది.

సామాను తేవడానికి ముందు రోజు, పిన్నీ బాబాయీ స్కూటరు మీద దారంతా తిరిగారు. బాబాయి చేతిలో వెదురుకర్ర, దాని మీద కొమ్ముల ఎత్తుకి సుద్దగీత. కిందకి వేలాడే ప్రతి తీగ దగ్గరా, చెట్టుకొమ్మ దగ్గరా ఆయన దిగి కర్ర నిలబెట్టడం, ఆవిడ చూసి తలూపడం. బాబాయి ఎంత సన్నగా ఉంటాడంటే, దారిన పోయేవాళ్ళకి ఇద్దరు నిలబడ్డారో, రెండు కర్రలు నిలబడ్డాయో తెలియలేదు. ఇనుప దూలం కింద కొలిచారు. కొమ్ములకి పైన మూడు వేళ్ళ సందు. చాలు.

మర్నాడు పొద్దున్నే బోర్డు ఎక్కించారు. కిందా మీదా దుప్పట్లు చుట్టి, ఆరుచోట్ల బెల్టులు బిగించి, రెండు చివర్లా జెండాలు కట్టారు. మాస్టారు సీట్లో పక్కన కూర్చున్నాడు. బాబాయి స్కూటరు మీద వెనకాల. అయిదు నిమిషాలకి ఆపి బెల్టులు లాగి చూశారు. అంతా సవ్యంగా ఉంది. మాస్టారు హుషారుగా పిల్లలకి ఫోను చేసి, "వచ్చేస్తున్నాం!" అన్నాడు. ఆయన ఫోను లేకుండా అన్నా వాళ్ళకి వినపడేది.

ఇనుప దూలం పాతిక గజాల దూరంలో ఉందనగా పిన్ని బ్రేకు నొక్కింది.

"ఏమైందమ్మా?"

"రోడ్డు నల్లగా ఉంది."

నిజమే. రోడ్డు నిగనిగలాడుతోంది. తారు వాసన ఇంకా పోలేదు. నిన్న వాళ్ళు కొలిచి వెళ్ళాక కొత్త పొర వేశారు.

"నిన్న కొలిచారు కదమ్మా! పోనివ్వండి," అన్నాడు మాస్టారు. వెనకాల అప్పటికే నాలుగు బండ్లు హారన్లు కొడుతున్నాయి.

"నిన్న కొలిచింది నిన్నటి రోడ్డు మాస్టారూ," అని పిన్ని దిగింది.

బాబాయి కర్ర నిలబెట్టాడు. కొత్త పొర నాలుగు వేళ్ళ మందం. సుద్దగీత దూలానికి పైన వేలెడు ఉంది. ముందు పట్టీ, బోర్డు సులువుగా పోతాయి. వెనక కొమ్ములు మాత్రం తగులుతాయి. పిన్ని తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, నీ ఎద్దు కొమ్ములు దూలానికి తగులుతున్నాయి."

"రంపం తీసుకుని రానా అక్కా? గంటలో వస్తా."

"గంటా? నా వెనక ఊరు ఊరంతా ఉందిరా!" అని పెట్టేసింది.

జనం చుట్టూ చేరారు. ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. బోర్డు విప్పి మోసుకుపొమ్మని ఒకడు. పిన్ని ఒప్పుకోలేదు, బోర్డు విప్పి, తోక ఊడదీసి, అవతల మళ్ళీ కట్టేసరికి అదీ గంట పనే. చక్రాల్లో గాలి తియ్యమని ఇంకొకడు. మళ్ళీ నింపేదెవరు? పిన్ని కిందకి వంగి బండి వెనక చక్రం పైనున్న, బరువు పడితే వంగే కమాను పట్టీల వంక కాసేపు చూసింది. తర్వాత లేచి, దూలానికి ఇవతల పెద్దరోడ్డు మొదట్లో బస్సు కోసం నిలబడ్డ జనం వంక చూసింది.

"మాస్టారూ, మీ గొంతు ఒకసారి అరువివ్వండి. బరువైనవాళ్ళు కావాలని చెప్పండి. తొట్టిలో వెనకగా కూర్చుంటే బండి దిగుతుంది."

మాస్టారు అరిచాడు. పొద్దున్న నడకకి వచ్చిన అయిదుగురు పెద్దమనుషులు గబగబా వచ్చారు. డాక్టర్లు తగ్గించమన్న బరువు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందని వాళ్ళ సంబరం. కూరగాయల సంచీతో నిలబడ్డ ఒకావిణ్ణి పిన్ని, "వదినా, మీరూ రండి," అంది. ఆవిడకి కోపం వచ్చింది. "ఇంతమందిలో నన్నే బరువుకి పిలుస్తావా?" అంది.

"మీరు కాదు వదినా, మీ సంచీ బరువు."

"అయితే సరే," అని ఆవిడ సంచీతో సహా ఎక్కింది. బాబాయి కూడా ఎక్కబోయాడు. "మీరొద్దు. మీరెక్కితే బండి పైకి లేస్తుంది. మీరు దూలం దగ్గర నిలబడి కొమ్ములు చూడండి," అంది పిన్ని. జనం గొల్లున నవ్వారు. బాబాయి కూడా నవ్వుతూనే పోయి నిలబడ్డాడు. చివరికి మాస్టారు తొట్టి వెనక అంచున కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే బండి నిట్టూర్చింది.

మళ్ళీ కొలిచారు. వేలిన్నర సందు.

పిన్ని బండి కదిపింది. చీమ పక్కన నడిస్తే చీమే గెలిచేది. హారన్లు కొట్టినవాళ్ళు ఇప్పుడు బండ్లు దిగొచ్చి మెడలు చాచి చూస్తున్నారు. బోర్డు ముందు చివర దాటింది. మధ్య దాటింది. "ఇంకా... ఇంకా... ఆగు! పద, పద!" బాబాయి కర్ర ఊపుతూ అరుస్తున్నాడు. కొమ్ములు దూలం కిందకి వచ్చాయి, వెళ్ళాయి. ఒక్క గీత పడలేదు.

చప్పట్లు, ఈలలు. పిన్ని మాత్రం పది గజాలు ముందుకు పోయి, బండి ఆపి, వెనక్కి వచ్చి, "దిగండి," అంది.

"కొలను దాకా తీసుకుపోమ్మా, ఎటూ కూర్చున్నాం కదా," అన్నాడు ఒక పెద్దమనిషి.

"తొట్టి సామానుకి, సీటు మనుషులకి. దిగండి బాబుగారూ."

దిగారు కానీ వెళ్ళలేదు. బండి వెనకాలే నడుచుకుంటూ బయల్దేరారు. సంచీ వదిన బస్సు వదిలేసి మరీ వచ్చింది. సీట్లోకి వచ్చి కూర్చున్న మాస్టారు పిన్ని చేతుల వంక చూశాడు. మెడలో టేపుని వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతోంది.

"భయపడ్డారా అమ్మా?"

"పడకేం చేస్తాను మాస్టారూ! భయపడబట్టే కదా దిగి కొలిచింది," అని పిన్ని ఒకసారి గట్టిగా ఊపిరి వదిలి, నవ్వేసింది.

బోర్డు బిగించడానికి రెండు రోజులు పట్టింది. మొదటి దూకు పిన్నిదే అని పిల్లలు పట్టుబట్టారు. "తెచ్చేవరకే నా పూచీ. ఎగరడం మీ మాస్టారి పూచీ," అంది. ఆరు నెలల్లో మొదటిసారిగా మాస్టారు బోర్డెక్కి, మూడుసార్లు ఊగి, ఆకాశానికి లేచాడు. ఆ భారీ మనిషి గాల్లో పిట్టలా ముడుచుకుని, విప్పుకుని, చిన్న చప్పుడుతో నీళ్ళలోకి దిగిపోతుంటే అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. పిన్ని కళ్ళు చెమర్చాయని సంచీ వదిన అంటుంది. నీళ్ళు చిందాయని పిన్ని అంటుంది.

తమ్ముడు కొమ్ములు కోసి జానెడు చేశాడు. కోసిన ముక్కలు షాపు గోడకి తగిలించుకుని, వచ్చినవాళ్ళకల్లా కథ చెబుతుంటాడు. ఆ కథలో దూలం కొమ్ముల్ని చూసి భయపడుతుంది.

పిన్నికి ఇప్పుడు యాభై. బోర్డు తెచ్చినందుకు కిరాయి ఒక్కటే ఇచ్చి మాస్టారు ఊరుకోలేదు. ఏం కావాలో అడగమన్నాడు. పిన్ని సిగ్గుపడుతూ ఈత నేర్పమంది. వారానికి మూడు రోజులు, ఆడవాళ్ళ గంటలో, సంచీ వదినతో కలిసి వెళుతుంది. మొన్న మా అమ్మాయిని దింపడానికి వెళితే నీళ్ళలో కనిపించింది. మధ్యలో ఉంది, తాపీగా చేతులు కదుపుతోంది. కంచె అవతల ఒక పెయింటరు నిలబడి పిలుస్తున్నాడు.

"పిన్నీ! నిచ్చెన తేవాలి!"

"ఎన్నడుగులు?" నీళ్ళలోంచే అరిచింది.

"పధ్నాలుగు!"

"బరువు ఎటువైపు?"

"నిచ్చెనకి ఎటైతేనేం పిన్నీ?"

"కింద వెడల్పుంటుంది కదయ్యా! ఉండు, వస్తున్నా," అని గట్టు వైపు తిరిగింది.

ఆవిడ గట్టు చేరేదాకా అతను పావుగంట నిలబడ్డాడు.